రెండంగుళాల వైరు ముక్క

మిరపలో నల్లి గురించి అడిగినవాళ్ళకి వచ్చే వారం రాస్తాను. ఇవ్వాళ పొలం సంగతి కాదు, ఇంట్లో బాత్రూము సంగతి. పోస్టు పెద్దదే. పొద్దున పాలు పోసి వచ్చాకో, రాత్రి అన్నం తిన్నాకో తీరిగ్గా చదవండి. ఇంట్లో ఆడవాళ్ళకి కూడా చదివి వినిపించండి, ఎందుకంటే బాత్రూములో కొళాయి ముందుగా పట్టుకునేది వాళ్ళే.

మనం రైతులం కరెంటుకి భయపడటం ఎప్పుడో మర్చిపోయాం. రాత్రి రెండింటికి త్రీఫేజు ఇస్తే టార్చి పట్టుకుని గట్టు మీద పోయి, తడికాళ్ళతో స్టార్టరు నొక్కినవాళ్ళం. ఫ్యూజు పోతే ఏ వైరు దొరికితే ఆ వైరు చుట్టినవాళ్ళం. నాలుగు వందల పైచిలుకు వోల్టులతో ఆడుకున్నాం, ఇంట్లో రెండు వందల ముప్పై ఏం చేస్తదిలే అనే ధీమా మనకి. నాకూ అదే ధీమా ఉండేది. పోయిన సంక్రాంతి దాటిన వారం దాకా.

మా అమ్మాయి పురిటికి ఇంటికొచ్చింది. పుష్యమాసం చలి మీకు తెలుసు. బాలింతకి, పసిబిడ్డకి పూటపూటా వేడినీళ్ళు కావాలి. కట్టెల పొయ్యి మీద కాగు పెట్టి మా ఇంటామె ఎన్నిసార్లని మోస్తది? అందుకని పదిహేను లీటర్ల గీజరు 7,800 పెట్టి తెచ్చా. అమ్మాయి ఆసుపత్రి నుంచి వచ్చేలోపు బిగించాలి. మా ఊళ్ళో మోటార్లు, స్టార్టర్లు బాగుచేసే కుర్రాడు ఒకడున్నాడు. వాణ్ణి పిలిచా. మధ్యాహ్నం వచ్చి సాయంత్రానికి బిగించి పోయాడు. ఆరొందలు తీసుకున్నాడు. నీళ్ళు పొగలు కక్కుతూ వచ్చాయి. అందరం సంతోషం.

కొన్ని రోజులు ఏ ఇబ్బందీ లేదు.

ఆ రోజు పొద్దున ఏడు గంటలు. మిరపకాయ కోతకి కూలోళ్ళు రావాలి, నేను అరుగు మీద టీ తాగుతూ ఉన్నా. ఇంట్లో ఫ్యాను ఆగింది, లైట్లు ఆరిపోయినాయి. కరెంటు పోయిందనుకున్నాం. రోజూ పోయేదే కదా. పక్కింట్లో మిక్సీ తిరుగుతున్న చప్పుడు నా చెవికి వినపడుతూనే ఉంది. కానీ మెదడుకి ఎక్కలేదు.

బిడ్డకి నీళ్ళు పోసే పెద్దమ్మ అప్పుడే వచ్చింది. చీర మోకాళ్ళ దాకా మడుచుకుని, సున్నిపిండి కలుపుకుంటూ కూర్చుంది. కరెంటు పోయినా గీజరులో ఉన్న నీళ్ళు వేడిగానే ఉంటాయి కదా అని మా ఇంటామె బకెట్టు తీసుకుని బాత్రూములోకి పోయి కొళాయి పట్టుకుంది.

కేక వినపడింది. వెంటనే బకెట్టు దొర్లిన చప్పుడు.

నేను పోయేసరికి గడప మీద వెనక్కి పడి ఉంది. మోచెయ్యి చీరుకుని రక్తం. మాట రావడం లేదు గానీ కళ్ళు తెరిచే ఉంది. ఆమెని ఇవతలికి లాగా. లోపల నీళ్ళు పోతూనే ఉన్నాయి, కొళాయి కడదామని చెయ్యి చాపా. "ఓరి నాయనా, దాన్ని ముట్టుకోమాక" అని పెద్దమ్మ అరిచింది. అక్షరం ముక్క రాని మనిషి. ఆమె అరవకపోతే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు.

స్టార్టరు డబ్బాలో పెట్టుకునే టెస్టరు తెచ్చి కొళాయికి ఆనించా. ఎర్రగా వెలిగింది. ఇంట్లో ఒక్క బల్బు వెలగడం లేదు, కొళాయి మీద టెస్టరు మాత్రం వెలుగుతోంది. ముప్పై ఏళ్ళ నుంచి మోటార్ల దగ్గర తిరుగుతున్నా గానీ అట్లాంటిది ఎప్పుడూ చూడలేదు. పరిగెత్తి మెయిను దించితే అప్పుడు ఆరింది.

ఆమెని ఆసుపత్రికి తీసుకుపోయాం. ఈసీజీ తీసి, కొన్ని గంటలు ఉంచుకుని, ప్రమాదం లేదని పంపించారు. కుడిచెయ్యి తిమ్మిరి మటుకు వారం రోజులు తగ్గలేదు. ఇక్కడే ఒక మాట చెప్తున్నా. షాకు కొట్టిన మనిషి లేచి నడిచినా సరే, ఒకసారి గుండె చూపించండి. కరెంటు చేసిన దెబ్బ పైకి కనపడదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తా. మనిళ్ళల్లో పసిబిడ్డకి నీళ్ళు ఎట్లా పోస్తారో మీకు తెలుసు. పెద్దమ్మ తడినేల మీద కాళ్ళు బారజాపి కూర్చుంటది. ఆ కాళ్ళ మీద బిడ్డని పడుకోబెట్టుకుని, పక్కనే కొళాయి తిప్పుకుంటూ పోస్తది. ఇంకో పది నిమిషాలు ఆలస్యంగా కరెంటు పోయి ఉంటే ఆ కొళాయి మీద చెయ్యి పెద్దమ్మది. ఆమె కాళ్ళ మీద పద్దెనిమిది రోజుల నా మనవరాలు.

ఇక అసలు ఏం జరిగిందో చెప్తా.

లైన్‌మేను వచ్చి స్తంభం ఎక్కాడు. మా ఊళ్ళో కోతుల బాధ ఉంది, సర్వీసు వైర్ల మీద ఉయ్యాల ఊగుతాయి. అట్లా ఊగీ ఊగీ స్తంభం దగ్గర మా ఇంటి న్యూట్రల్ జాయింటు ఊడింది. పది నిమిషాల్లో కలిపేశాడు. దిగొచ్చి ఒక మాట అన్నాడు: "అన్నా, న్యూట్రల్ ఊడితే ఇంట్లో కరెంటు పోవాలి. కొళాయికి రాకూడదు. లోపల ఏదో తప్పుంది. తెలిసినోడికి చూపించుకో. అప్పటిదాకా గీజరు ముట్టుకోవద్దు."

తెలిసినోడి కోసం మండలంలో వాకబు చేస్తే, ఐటీఐ చదివి, వైర్‌మన్ పర్మిట్టు ఉన్న పెద్దాయన ఒకరున్నారని చెప్పారు. అరవై దాటిన మనిషి. ఫోనులో "గీజరు పనికి ఎంత తీసుకుంటారు" అనడిగితే, "చూడకుండా ఎట్లా చెప్తానయ్యా, నువ్వు పొలం చూడకుండా కౌలు మాట్లాడతావా" అన్నాడు. వచ్చాడు. నేను బాత్రూము చూపిద్దామని లోపలికి నడుస్తుంటే ఆయన రాలేదు. ముందు మీటరు దగ్గర ఆగాడు. మెయిను చూశాడు. మీటరు కింద నుంచి పోయే ఎర్తు తీగ పట్టుకుని దాని వెంటే గోడ పక్కకి పోయాడు. తీగ మట్టిలోకి జానెడు పోయి అక్కడితో ఆగిపోయింది. కింద పైపు లేదు, గుంట లేదు. పదిహేనేళ్ళ కింద ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ తీగ చివర మట్టిలో గుచ్చి వదిలేశాడు. నేనూ చూసుకోలేదు.

తర్వాత మెయిను దించి, టెస్టరుతో రెండుసార్లు చూసుకుని, గీజరు సాకెట్టు విప్పాడు. "ఇదిగో నీ దెయ్యం" అని చూపించాడు. మూడు పిన్నుల సాకెట్టులో పైన లావు బెజ్జం ఎర్తుది. దానికి రావాల్సిన ఆకుపచ్చ వైరు లేదు. దాని బదులు ఎర్తు బెజ్జానికీ, న్యూట్రల్ బెజ్జానికీ మధ్య రెండంగుళాల వైరు ముక్క. అంతే.

దాని సంగతి మన భాషలో చెప్తా. ఫేజు అంటే ఇంట్లోకి వచ్చే కాలవ. న్యూట్రల్ అంటే పనైపోయిన నీళ్ళు తిరిగి పోయే మురుగు కాలవ. ఎర్తు అంటే చెరువుకి అలుగు లాంటిది. రోజూ దాంట్లో నీళ్ళు పోవు. ఎక్కడన్నా గండి పడేటట్టుంటే నీళ్ళు ఊరి మీద పడకుండా దాంట్లోంచి భూమిలోకి పోవాలి. మా ఇంట్లో అలుగు లేదు. అలుగు పోవాల్సిన చోటుని తెచ్చి మురుగు కాలవకి కలిపారు. మురుగు కాలవ పారినన్నాళ్ళూ ఏమీ తెలియలేదు. అది స్తంభం దగ్గర పూడిపోగానే, ఫ్రిజ్జులోంచీ లైట్లలోంచీ వచ్చిన కరెంటుకి వెనక్కి పోయే దారి లేదు. ఆ రెండంగుళాల ముక్క మీదుగా గీజరు రేకులోకి, దాన్నుంచి గోడలో ఉన్న పాత ఇనప పైపులోకి, కొళాయిలోకి వచ్చింది. గీజరు స్విచ్చి ఆపినా అది ఆగదు. ఎందుకంటే స్విచ్చి ఆపేది ఫేజుని మాత్రమే.

ఇంకో సంగతి. బల్బు పెట్టి చూస్తే ఈ దొంగ ఎర్తు తెలియదు. ఫేజుకీ ఎర్తుకీ మధ్య బల్బు పెడితే బ్రహ్మాండంగా వెలుగుతది, నిజమైన ఎర్తు కంటే బాగా వెలుగుతది. "చూడు అన్నా, ఎర్తు ఫస్టుక్లాసుగా ఉంది" అని చూపించి పోతారు. సాకెట్టు విప్పి లోపల చూస్తేనే తెలుస్తది.

పెద్దాయన కాయితం మీద లెక్క రాసిచ్చాడు. అదే మీకు రాస్తున్నా, మీకూ అంచనా ఉంటది. రేట్లు ఊరిని బట్టి, కంపెనీని బట్టి మారతాయి. ఎర్తుకి ఇనప పైపు, బొగ్గు, ఉప్పు, తీగ అన్నీ కలిపి 2,600. గుంట మేమే తవ్వుకున్నాం. ఆర్‌సీసీబీ 2,100. గీజరుకి మీటరు దగ్గర నుంచి విడిగా నాలుగు స్క్వేరు ఎంఎం వైరు, ఎరుపూ నలుపూ, 1,680. ఆకుపచ్చ ఎర్తు వైరు 1,125. ఎంసీబీ, డబ్బా 750. పదహారు యాంపుల సాకెట్టు, స్విచ్చి 450. రెండు రోజుల కూలి 2,400. మొత్తం 11,105.

గీజరు కంటే దాని కరెంటు పనికి ఎక్కువైందని నేను నసిగా. ఆయన ఏమీ అనలేదు. మా ఇంటామె మోచేతి కట్టు వంక చూసి ఊరుకున్నాడు.

ఈ ఆర్‌సీసీబీ అనేది చాలామందికి తెలియదు, కాబట్టి కాస్త వివరంగా చెప్తా. మనింట్లో ఎంసీబీలు ఉంటాయి. అవి ఉన్నాయి కదా, షాకు కొడితే పడిపోతాయిలే అనుకుంటాం. పడవు. ఎంసీబీ కాపాడేది వైరుని. పదహారు యాంపుల ఎంసీబీ పడాలంటే పదహారు యాంపులు దాటి పోవాలి. మనిషి ప్రాణం పోవడానికి అందులో చాలా చిన్న వంతు చాలు. ఆర్‌సీసీబీ తూము దగ్గర లష్కరు లాంటిది. ఫేజులో ఎంత పోయింది, న్యూట్రల్‌లో ఎంత తిరిగొచ్చింది అని చూస్తూనే ఉంటది. రెండిటికీ తేడా ముప్పై మిల్లీయాంపులు వచ్చిందంటే, అంటే ఎక్కడో ఒకచోట మనిషిలోంచో తడిగోడలోంచో కారిపోతోందని అర్థం, కన్ను మూసి తెరిచేలోపు ఇల్లంతా ఆపేస్తది. ఇంటికి కొనేటప్పుడు ముప్పై మిల్లీయాంపులదే అడగండి. వంద, మూడొందలవీ ఉంటాయి, అవి మనిషిని కాపాడే లెక్క కాదు.

మరి ఎర్తు ఉంటే ఆర్‌సీసీబీ ఎందుకు అని నేనూ అడిగా. ఆయన లెక్క చెప్పాడు. మన ఎర్తు గుంట ఇరవై ఓములు ఉందనుకో. రెండు వందల ముప్పైని ఇరవైతో భాగిస్తే పదకొండున్నర యాంపులు. రేకు మీదికి కరెంటు వచ్చినా పదహారు యాంపుల ఎంసీబీ పడదు. వేసవిలో గుంట ఎండితే ఇంకా అన్యాయం. అందుకని రెండూ ఉండాలి. ఎర్తు గుంటలో ఎండాకాలం అప్పుడప్పుడూ రెండు బిందెల నీళ్ళు పోయాలి.

ఇక్కడే ఇంకో తమాషా జరిగింది. అన్నీ బిగించి ఆర్‌సీసీబీ ఎక్కించగానే టక్కున పడిపోయింది. మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ పడింది. సాయంత్రమవుతోంది, ఇంట్లో చీకటి, బిడ్డ ఏడుస్తోంది. "దీన్ని తీసేసి డైరెక్టుగా ఇచ్చెయ్యండి, రేపు చూద్దాం" అన్నా. ఎంతమంది ఇళ్ళల్లో ఇట్లా తీసేసి ఉంటారో! ఆయన ఒప్పుకోలేదు. "అది పాడై పడట్లేదయ్యా. నీకేదో చెప్తోంది. వినాలి" అని ఒక్కొక్క లైను విప్పుకుంటూ పోయాడు. వాషింగ్ మిషను సాకెట్టు దగ్గర దొరికింది. అక్కడా అదే రెండంగుళాల ముక్క. అది పీకి ఆకుపచ్చ వైరు లాగాక ఆర్‌సీసీబీ నిలబడింది. తడి బట్టలు తీసేటప్పుడు చేతికి చిమచిమలాడుతోందని మా ఇంటామె రెండు మూడుసార్లు చెప్పింది నాకు. "చెప్పులేసుకుని తియ్యి" అన్నా. అదీ నా తెలివి.

ఇక్కడి దాకా రాసి రెండు రోజులు ఆపేశాను. ఎందుకంటే ఇప్పుడు రాయాల్సింది రాయబుద్ధి కాలేదు.

ఆ సంగతి జరిగాక నేను ఊరంతా ఆ కుర్రాడి పేరు చెప్పా. టీ కొట్టు దగ్గర చెప్పా, పాల కేంద్రం దగ్గర చెప్పా. "వాడి చేతి పని వల్ల నా ఇల్లు కూలేది" అని. ఊళ్ళో వాణ్ణి పిలవడం మానేశారు. మోటారు పని కూడా పక్కూరి వాళ్ళకి పోయింది. వాడు ఎదురుపడి ఒక్క మాట అనలేదు.

అసలు జరిగిందేమిటంటే, గీజరు బిగించిన రోజు సాకెట్టు విప్పి వాడే చెప్పాడు: "బాబాయ్, ఎర్తు లేదు. గుంట తియ్యాలి, మూడు వేలు దాకా అవుద్ది, రెండు రోజులు పడతది." నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. "రేపు అమ్మాయి వస్తోందిరా, ఇప్పుడు గుంటలేంది. ఏదో ఒకటి చేసి నీళ్ళు వచ్చేటట్టు చూడు." ఏదో ఒకటి చెయ్యమన్నా. వాడు చేశాడు. ఆ చేసింది ఏమిటో నేను అడగలేదు.

వాషింగ్ మిషను దగ్గరి ముక్క వాడిది కూడా కాదు, అంతకుముందు వేరే ఎవరో పెట్టింది. అయినా అదీ వాడి మీదే వేశా.

చెయ్యడం వాడి తప్పే. అట్లా చేస్తే ప్రాణం పోతదని తెలిసినోడు, తెలియకపోతే తెలుసుకోవాల్సినోడు. కానీ మూడు వేల దగ్గర ఆగింది నేను. ఎకరం మిరపకి ఒకటి రెండు కొట్టుళ్ళ మందు ఖర్చు అది. దానికి వెనకాడని మనిషిని, ఇంట్లో వాళ్ళు చెయ్యి పెట్టే కొళాయి దగ్గర వెనకాడా. ఈ మాట టీ కొట్టు దగ్గర చెప్పలేదు. ఇప్పుడు అందరి ముందూ చెప్తున్నా.

వాడింటికి పోయా. వాళ్ళమ్మ మంచం వేసింది గానీ మాట్లాడలేదు. చెప్పాల్సింది చెప్పా. వాడు చాలాసేపు నేల చూస్తూ ఉండి, "నువ్వు చెప్పినా నేను చెయ్యకుండా ఉండాల్సింది బాబాయ్" అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "ఇంకా చాలా ఇళ్ళల్లో పెట్టా" అన్నాడు.

లెక్క వేస్తే మా ఊళ్ళోనే పదకొండు ఇళ్ళు. అందరూ నాలాగే "ఏదో ఒకటి చెయ్" అన్నవాళ్ళే. పెద్దాయన్ని బతిమాలి ఒక ఆదివారం తీసుకొచ్చా. ఆయన, వాడు, నేను ఇంటింటికీ తిరిగాం. తొమ్మిది ఇళ్ళల్లో ముక్కలు పీకేశారు. ఎర్తు గుంట తీసేదాకా గీజరు వాడొద్దని చెప్పొచ్చాం. రెండిళ్ళ వాళ్ళు "బాగానే పనిచేస్తోంది కదా, ఎందుకు కదిలించడం" అన్నారు. వాళ్ళూ ఈ పేజీ చూస్తారు. పేర్లు రాయను. మళ్ళీ వస్తా, తలుపు తియ్యండి.

ఇక కరెంటు పనికి మనిషిని పిలిచేటప్పుడు నేను నేర్చుకున్నవి రాస్తా.

మొదటిది, ఆ మనిషి ముందు ఎక్కడికి పోతాడో చూడండి. తిన్నగా గీజరు దగ్గరికో ఫ్యాను దగ్గరికో పోయి రేటు చెప్పేవాడికంటే, మీటరు, మెయిను, ఎర్తు చూసి మాట్లాడేవాడు మేలు. ఐటీఐ చదివాడా, పర్మిట్టు ఉందా అని అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. విత్తనం సంచి మీద లాటు నంబరు చూడమా?

రెండోది, బేరం ఆడండి గానీ దేని మీద ఆడుతున్నారో తెలుసుకుని ఆడండి. కూలి విడిగా, సామాను విడిగా కాయితం మీద రాయించుకోండి. సామాను ఐఎస్ఐ గుర్తు ఉన్నదే, బిల్లుతో కొనండి. వైరు సన్నది వేసి తగ్గించుకోవద్దు. రెండు వేల వాట్ల గీజరు తొమ్మిది యాంపుల దాకా లాగుతది, మూడు వేల వాట్లదైతే పదమూడు. ఫోను ఛార్జరు పెట్టే ఆరు యాంపుల ప్లగ్గులో పెడితే కాలిపోతది.

మూడోది, మూత బిగించకముందే చూడండి. ప్రతి సాకెట్టులో మూడు వైర్లు రావాలి, ఎర్తు ఆకుపచ్చది. ఎర్తుకీ న్యూట్రల్‌కీ మధ్య ముక్క ఉండకూడదు. ఫోటో తీసిపెట్టుకోండి. చూడటానికి మీరే విప్పొద్దు, అతని చేత మెయిను దించి విప్పించండి.

నాలుగోది, బాత్రూములో గీజరు స్విచ్చి బయట ఉండాలి. తడిచేతికి అందే చోట ఏ సాకెట్టూ వద్దు. వాషింగ్ మిషనుకి ఎక్స్‌టెన్షన్ డబ్బా తడినేల మీద పెట్టొద్దు. గీజరు ఆపేసి, ఆ తర్వాతే స్నానానికి పోవడం అలవాటు చేసుకోండి. హీటరు రాడ్డు వాడేవాళ్ళు ప్లగ్గు తీసేదాకా నీళ్ళలో వేలు పెట్టి చూడొద్దు.

ఐదోది, మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను విరగ్గొట్టి రెండు బెజ్జాల్లో దూర్చడం మానండి. ఫ్రిజ్జు, గ్రైండరు, ఇస్త్రీపెట్టె తాకితే చిమచిమ అంటే అది ఉత్తరం లాంటిది. మా ఇంటికి ఆ ఉత్తరం ముందే వచ్చింది, నేను విప్పలేదు.

ఆరోది, డబ్బు పూర్తిగా ఇచ్చేముందు ఆర్‌సీసీబీ మీద టీ అని ఉన్న బటను మీ ఎదురుగా నొక్కించండి. టక్కున పడాలి. పడకపోతే పని అవలేదు.

చివరిది, పండగ ముందు రోజు, చుట్టాలు వచ్చే పూట కరెంటు పని పెట్టుకోవద్దు. ఆ తొందరలోనే "ఏదో ఒకటి చెయ్" అనే మాట మన నోట్లోంచి వస్తది.

ఇంట్లో లైట్లు పోయి పక్కింట్లో ఉంటే, అది కరెంటు పోవడం కాదు. దేన్నీ ముట్టుకోకుండా ముందు మెయిను దించండి, 1912కి ఫోను చెయ్యండి. ఎవరినన్నా కరెంటు పట్టుకుంటే చేత్తో లాగొద్దు. మెయిను దించండి, కుదరకపోతే ఎండు కర్రతో విడగొట్టండి. మనిషి కదలకపోతే 108కి చేసి, వచ్చేదాకా ఛాతీ మధ్యలో గట్టిగా, ఆపకుండా నొక్కుతూ ఉండండి. నేను ఆరోజు మా ఇంటామెని వట్టిచేతుల్తో లాగా. ఆమె అప్పటికే విడిపోయి పడింది కాబట్టి బతికాం. నన్ను చూసి అట్లా చెయ్యొద్దు.

మా ఇంటామె నెల రోజులు ఆ కొళాయి ముట్టుకోలేదు. మళ్ళీ కట్టెల పొయ్యే, మళ్ళీ కాగే. నేను ఎంత చెప్పినా వినలేదు. పెద్దాయన ఒకరోజు వచ్చి ఆమె చేతే ఆ టీ బటను నొక్కించాడు. ఇల్లంతా టక్కున ఆగిపోయింది. "అమ్మా, ఇది నీ కోసం చూస్తా ఉంటది" అని చెప్పి పోయాడు. ఇప్పుడు నెలనెలా డ్వాక్రా మీటింగు రోజున, మర్చిపోకుండా ఆమే నొక్కుతది. టీవీలో వార్తలు మధ్యలో ఆగిపోతాయి. నేనేమీ అనను.

మనవరాలు వాళ్ళ ఊరు పోయింది. పోయేముందు మా అల్లుణ్ణి వాళ్ళింట్లో ఎర్తు ఉందా అని అడిగా. "ఉండే ఉంటది మామయ్యా" అన్నాడు. ఉండే ఉంటది అంటే కుదరదు, విప్పించి చూడమని చెప్పా.

మీకూ అదే చెప్తున్నా. మీ ఇంటికి కరెంటు పని చేసే మనిషి ఎవరో ఒకరు ఉంటారు. ఆ మనిషిని ఈ వారంలో పిలిచి, కూలి ఇచ్చి, ఒక్క గీజరు సాకెట్టు విప్పించి చూడండి. లోపల ఏముందో కింద రాయండి. ముక్క దొరికినవాళ్ళు సిగ్గుపడకుండా రాయండి, నేను రాశా కదా. మోటారు పనికి మనిషి కావాలంటే మా ఊరి కుర్రాడున్నాడు. ఇప్పుడు ఎర్తు లేనిదే గీజరు ముట్టుకోనంటున్నాడు. వాడి మాట వినండి.